ముక్కు మీది బంతి

నేను ఒక బంతినే కాని, నన్ను ఎవరూ ఎప్పుడూ విసరలేదు, ఎవరూ ఎగిరి పట్టుకోలేదు. నిమ్మకాయంత ఉంటాను. తెల్లటి రబ్బరు ఒళ్ళు, లోపలంతా డొల్ల, వెనక చిన్న తొడుగు, ఆ తొడుగులో పైనుంచి కిందికి స్క్రూ దూరే రంధ్రం. రోయింగ్ పోటీల్లో వాడే పడవలను మీరు టీవీలోనైనా చూసి ఉంటారు. సన్నగా, పొడుగ్గా, గట్టిగా తుమ్మితే విరిగిపోతాయేమో అన్నట్టుంటాయి. ఆ పడవ ముక్కు చివర నన్ను బిగిస్తారు. ఆ ముక్కు అంత వేగంతో వచ్చి ఎవరి వీపులోనైనా దిగితే మనిషి మిగలడు. అలా దిగకుండా అడ్డం ఉండడం నా ఉద్యోగం.

దానికి తోడు ఇంకో ఉద్యోగం కూడా నా నెత్తిన పెట్టారు. పందెంలో పడవ చివరి గీత దాటిందా లేదా అని చూసేవాళ్ళు పడవను చూడరు, లోపల కూర్చున్నవాళ్ళనూ చూడరు, నన్ను చూస్తారు. ఎవరి బంతి ముందు గీతను తాకితే వాళ్ళు గెలిచినట్టు. చేతులు బొబ్బలెక్కించుకుని, తిన్నది అరగకముందే కక్కుకుని ఏళ్ళకేళ్ళు తెడ్లు లాగేది పిల్లలు. తీరా లెక్కలోకి వచ్చేది ఒక రబ్బరు ముక్క. ఈ ఏర్పాటు మనుషులు చేసుకున్నదే కాబట్టి నన్ను అని లాభం లేదు.

నేను పుట్టింది బాలానగర్ వైపు ఒక రేకుల షెడ్డులో. అక్కడ కుర్చీ కాళ్ళకు తొడిగే బుడిపెలు, స్టవ్వు కాళ్ళు, ముసలివాళ్ళ చేతికర్రల అడుగు తొడుగులు పోసేవారు. ఒకే బట్టీలో ఉడికినవాళ్ళమే అందరం, ఎవరి నుదుటి రాత వారిది. నాతో పాటు అచ్చులోంచి ఊడిపడ్డవాళ్ళలో చాలామంది చేతికర్రల కిందికి పోయి తారు రోడ్ల మీద అరిగిపోయి ఉంటారు. నన్ను మాత్రం నీళ్ళ మీదికి పంపారు. అప్పట్లో అది అదృష్టమనే అనుకున్నాను.

ఏవో పెద్ద ఆటలు జరుగుతాయని సర్కారు కొత్త పడవలు తెప్పించిన ఏడు అది. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఒక చిన్న క్లబ్బుకు ఎనిమిది మంది కూర్చునే పడవ ఒకటి వచ్చింది. దాని ముక్కున నన్ను బిగించారు. ఆటలు జరిగినన్నాళ్ళూ ఫొటోలే ఫొటోలు. పెద్దవాళ్ళు వచ్చి ఎక్కబోయి, పడవ ఊగితే హడలిపోయి దిగి, ఒడ్డున నిలబడి చెయ్యి ఊపేవారు. ఆటలు అయిపోయాక దాన్ని షెడ్డులో బోర్లించారు. సీనియర్లు ఒక్కొక్కరే ఉద్యోగాల్లోకి జారుకున్నారు. ఎనిమిది మంది కలిసి ఒక్కరోజు ఒకచోట దొరకడమే కష్టమైపోయింది. పడవ నడుము పగిలింది, దాని కింద పిల్లులు ఈనాయి, నేను దుమ్ము కొట్టుకుపోయాను.

ఆ షెడ్డు పెద్దదిక్కు విల్సన్ సార్. పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి, సికింద్రాబాద్‌లో ఉంటాడు, క్లబ్బులో పిల్లలకు కోచ్. ఒకరోజు వచ్చి నన్ను పాత పడవ మీంచి ఊడదీసి, ప్యాంటుకు తుడిచి, ఒక్కరే కూర్చుని నడిపే సన్నటి పడవకు బిగించాడు. ఆ పడవ నడిపేవాడు శ్రీశైలం.

శ్రీశైలం, వాడి చెల్లెలు రవళి, ఇద్దరూ భిక్షపతి పిల్లలు. భిక్షపతిది తాతల నాటి నుంచి చేపలు పట్టే ఇల్లు. ఇప్పుడు ఆ నీళ్ళలో పట్టడానికి చేపలేవి? వినాయక నిమజ్జనం అయ్యాక బొమ్మల కడుపుల్లోని ఇనుప చువ్వలు, కట్టెలు నీళ్ళలోంచి బయటికి లాగి పాత ఇనుము కింద వేస్తాడు. ఏడాదంతా ఆ చెరువునే నమ్ముకున్న మనిషి. అలాంటివాడి పిల్లలు పడవ ఎక్కడంలో వింత లేదు. నీళ్ళలోకి తోసినా తేలే పిల్లలని విల్సన్ సార్ పిలిచి మరీ కూర్చోబెట్టాడు.

ఈ ఆటలో ఒక తమాషా ఉంది. పడవ ముందుకు పోతుంది, నడిపేవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుంటారు. పోయేచోటికి వీపు పెట్టి, వదిలి వచ్చినచోటును చూసుకుంటూ పోతారు. మనుషులు బతుకంతా చేసే పనే కాబట్టి వాళ్ళకు అది వింతగా తోచదు. నా చూపు ముందుకు, వాళ్ళ చూపు వెనక్కి. వాళ్ళ ఊపిరి వింటాను, చక్రాల మీద కూర్చునే పీట జరిగే చప్పుడు వింటాను, ముఖం మాత్రం చూడలేను. ఒడ్డున చూడలేదా అంటే చూశాను, నవ్వే ముఖాలు, అలిగే ముఖాలు, ఇడ్లీ తినే ముఖాలు. కాని పందెం చివర్లో మనిషికి ఒక ముఖం వస్తుందట. వెనకాల మోటారు బోటులో వచ్చే అంపైర్లు దాని గురించి చెప్పుకోవడం విన్నాను. ‘‘సొంత తల్లి చూసినా గుర్తుపట్టదు’’ అని ఒకాయన అన్నాడు. ఎన్ని పందేలు ముందుండి దాటించానో, ఆ ముఖం ఒక్కటి నాకు దక్కలేదు. ఒక్కసారి చూడాలని ఉండేది.

శ్రీశైలం పొడుగు మనిషి, మాట తక్కువ. తెడ్ల పిడుల చివర నీలం రంగు కరెంటు టేపు చుట్టుకోవడం వాడి అలవాటు. చెమటకు జారకుండా అని పేరు గాని, అది లేకపోతే చెయ్యి ఆడదు వాడికి. క్లబ్బులో ‘నీలం పహిల్వాన్’ అని ఏడిపించేవారు. రవళి వేరే రకం. పందేనికి ముందు నా నుదుట కుంకుమ బొట్టు పెట్టి, ముట్టుకుని కళ్ళకద్దుకునేది. తనిఖీ చేసే అధికారి వచ్చి, బంతి తెల్లగా ఉండాలి అని గుడ్డతో తుడిచేవాడు. ఆయన అటు తిరగగానే రవళి మళ్ళీ పెట్టేది. నా అంతవాడికి అన్ని మొక్కులు అవసరమా అనిపించేది కాని, ఆ వేలు తగిలితే బాగుండేది.

రవళి, షాహీన్ అని ఇంకో పిల్ల, ఇద్దరూ కలిసి రెండు సీట్ల పడవలో జూనియర్ల పందేలకు వెళ్ళేవారు. షాహీన్ లయ అందిస్తూ అవతలి సీటులో లాగితే, నాకు దగ్గరగా ఉన్న సీటులో రవళి. వాళ్ళ పడవకు మొదట్లో వేరే బంతి ఉండేది. షెడ్డు ఎలుకలు దాన్ని కొరికి సున్నం చేశాయి. కొత్తది తెప్పించమని అడిగి అడిగి విల్సన్ సార్ నోరు నొప్పి పుట్టింది. బంతి లేని పడవను పోటీలో దింపనివ్వరు. పక్క జట్టును అడుగుదామంటే, పోటీల్లో ఒకడి బంతి అడగడం పెళ్ళిలో ఒకడి చెప్పులు అడగడం లాంటిది. చివరికి ఆయనే ఒక ఉపాయం చెప్పాడు.

‘‘అన్న పందెం అయినంక చెల్లె పందెం. మధ్యల శానా టైముంటది. ఊడదీసుడు, బిగించుడు. ఒక్క స్క్రూ, అంతే గద’’ అన్నాడు.

అలా ఒకే గొడుగు ఇద్దరికీ పట్టినట్టు, నేను అన్న పడవ మీంచి చెల్లెలి పడవ మీదికి, అక్కణ్ణుంచి మళ్ళీ వెనక్కి తిరిగేవాణ్ణి. శ్రీశైలమే ఊడదీసేవాడు, వాడే బిగించేవాడు. స్క్రూ ఎప్పుడూ పళ్ళ మధ్య కరిచిపట్టుకునేవాడు. రెండు చేతులూ పనిలో ఉంటాయి కదా.

ఆ ఏడు చలికాలంలో జాతీయ పోటీలు మా చెరువు మీదే పెట్టారు. సీనియర్లకు, జూనియర్లకు ఒకే వారంలో. ఒడ్డంతా రంగు జెండాలు, రాష్ట్రానికో గుడారం, భాషకో తిట్టు. తనిఖీలో ఒక జట్టువాళ్ళు బంతి దొరక్క నిమ్మకాయకు తెల్ల టేపు చుట్టి తెచ్చారు. అధికారి అనుమానంతో నొక్కితే రసం ఆయన కళ్ళలోకి చిమ్మింది. రవళి, షాహీన్ గడ్డిలో పడి దొర్లి నవ్వారు. ఆ వారంలో నేను విన్న నవ్వు అదే ఆఖరిది.

రవళికి ఆ పోటీ అంటే ఆట కాదు. జూనియర్లలో ఆమెకు అదే చివరి ఏడు. మొదటి ముగ్గురిలో వస్తే స్పోర్ట్స్ అకాడమీ హాస్టల్లో చోటు ఇస్తామన్నారు. అక్కడ తిండి, చదువు, మంచి పడవలు, అన్నీ వాళ్ళవే. ఇంట్లో తల్లి బాలమణి ఏళ్ళుగా మిషన్ మీద స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతోంది. ఆమెకు చూపు మందగించింది. పోటీల ముందు రోజు కొడుకుకు, కూతురుకు సద్ది తెచ్చి, పడవ పక్కనే కూర్చుని కూతురుతో అన్న మాట నేను విన్నాను.

‘‘నా కండ్లు కనవడ్తలేవు బిడ్డా. సూది సందుల దారం ఎక్కియ్యనీకే పొద్దువోతుంది. పతకం తెస్తివా, అకాడమీకి పో, నేను ఎట్లనో వెళ్ళదీస్త. తేకుంటే వచ్చి మిషన్ మీద కూసో. మల్ల నన్నేమన్నద్దు.’’

‘‘తెస్త’’ అంది రవళి, అన్నం కలుపుకుంటూనే.

ఫైనల్స్ రోజు తెల్లవారేసరికి చెరువు మీద పొగమంచు కమ్మింది. బుద్ధుడి విగ్రహం సగానికి పైన కనబడలేదు. మంచు విడిచేదాకా పందేలు ఆపారు. పందేలు ఆగాయి కాని, పతకాలు పంచడానికి వచ్చే ముఖ్య అతిథి ఆగేవాడు కాడు. ఆయనకు ఇంకో చోట ఇంకో రిబ్బను కత్తిరించే పని ఉందట. అందుకని పందేల మధ్య సందు తీసేసి, ఒకదాని తోక మీద ఒకటి నడిపించారు. విల్సన్ సార్ చెప్పిన ఆ శానా టైము ఎటు పోయిందో పోయింది.

సీనియర్ల ఫైనల్లో శ్రీశైలం ప్రాణం పెట్టి లాగాడు. గీతను అందరికంటే ముందు తాకింది నేనే. పతకం వాడిది, దాని వెనకే సర్కారు కొలువు కూడా వాడిదే. గెలిచినందుకు సంతోషించానని ఒప్పుకుంటాను.

రేవుకు చేరుకోగానే వాడు పడవ దిగి, మోకాళ్ళ మీద కూర్చుని నన్ను ఊడదీశాడు. అలవాటు ప్రకారం స్క్రూ పళ్ళ మధ్య పెట్టుకున్నాడు, నన్ను పిడికిట్లో పట్టుకున్నాడు. పక్కనే రవళి, షాహీన్ పడవ నీళ్ళలో దింపి, నా కోసమే చూస్తున్నారు. అప్పుడే స్నేహితులు వచ్చి పడ్డారు. గెలిచినవాణ్ణి ఎత్తి నీళ్ళలో పడేయడం ఈ ఆటలో ఆచారం. ‘‘ఆగుండ్రి, ఆగుండ్రి’’ అని వాడు పళ్ళు బిగించే అన్నాడు. ఎవరు వింటారు? కాళ్ళు ఇద్దరు, చేతులు ఇద్దరు పట్టుకుని ఊపి విసిరారు. గాలిలో ఉండగా వాడికి నవ్వు ఆగలేదు. నోరు తెరిచాడు. స్క్రూ నీళ్ళలో పడ్డ చప్పుడు కూడా రాలేదు.

పైకి తేలేసరికి వాడి పిడికిట్లో నేనున్నాను, నోట్లో నీళ్ళున్నాయి. ఒడ్డు మైకులో జూనియర్ అమ్మాయిల ఫైనల్‌కు చివరి పిలుపు వినిపిస్తోంది. ఆలస్యమైతే పోటీలోంచి తీసేస్తారు. స్క్రూలున్న డబ్బా ఎక్కడో షెడ్డులో, విల్సన్ సార్ ఇంకెక్కడో గీత దగ్గర.

‘‘అన్నా, జల్ది’’ అంది రవళి. అప్పటికే సీట్లో కూర్చుని, చెప్పులకు బదులు పడవలోనే ఉండే బూట్లలో కాళ్ళు దూర్చి, పట్టీలు బిగించుకుంది.

శ్రీశైలం ఆమెకు కనబడకుండా పడవ ముక్కుకు అడ్డంగా కూర్చున్నాడు. తన తెడ్డు పిడి మీది నీలం టేపు లాగి, నన్ను ముక్కుకు తొడిగి, చుట్టూ చుట్టసాగాడు. ముక్కు తడి, చెయ్యి తడి, నేను తడి. తడి మీద టేపు ఎక్కడ అంటుతుంది? అది నన్ను పట్టుకుంది గాని పడవను పట్టుకోలేదు.

‘‘అన్నా, స్క్రూ బిగించినవా?’’ అంది రవళి, మెడ తిప్పకుండానే.

‘‘బిగించిన. నువ్వు పో’’ అన్నాడు.

చెడ్డవాడు కాడు. అప్పుడే గెలిచిన మనిషికి లోకంలో అన్నీ సవ్యంగానే జరుగుతాయనిపిస్తుంది. తనను తేల్చిన నీళ్ళు అందర్నీ తేలుస్తాయనుకుంటాడు. పోయే ముందు చెల్లెల్ని బెదరగొట్టడం ఎందుకనీ అనుకుని ఉంటాడు. తనిఖీ అధికారి నిలబడినచోటు నుంచే చూసి, బంతి ఉంది, పొండి అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ రోజు నాకు బొట్టు పెట్టే తీరిక లేకపోయింది.

ఆరు పడవలు వరసలో నిలిచాయి. గంట మోగింది. మొదట్లో మేము అయిదో చోట ఉన్నాం. సగానికి వచ్చేసరికి నాలుగు. రవళి అరుపులు నా వెనకే వినిపిస్తున్నాయి. ‘‘షాహీన్, కాళ్ళతోని తొయ్యి. ఇంకో పది లాగుదాం.’’ ఆ పది అయ్యాక మళ్ళీ ఇంకో పది. తెడ్డు పడ్డప్పుడల్లా పడవ ఒక్క ఉరుకు ఉరుకుతుంది, తెడ్డు లేచినప్పుడు కాస్త ఆగుతుంది. ఉరికినప్పుడు నేను వెనక్కి అదుముకుంటున్నాను, ఆగినప్పుడు ముందుకు జారుతున్నాను. దూరం గుర్తుకు నీళ్ళ మీద కట్టిన ఎర్ర బుడగల దగ్గరికి వచ్చాం. ఆఖరి దూరం అక్కడ మొదలవుతుంది. పక్క పడవతో సమానంగా, మూడో చోటు కోసం. పక్క బంతి నాకు కనిపిస్తోంది. ఒక లాగుకు అది ముందు, ఒక లాగుకు నేను ముందు. నేనుంటేనే మేము ముందు. ఆ ముక్క నా ఒక్కడికే తెలుసు, చెప్పడానికి నాకు నోరు లేదు.

గీత కనబడుతుండగానే నేను ఊడిపోయాను.

నీళ్ళలో పడి మునిగి తేలాను. పడవ నా పక్కనుంచి పోతోంది. ముందు దాని పక్క కనబడింది, తర్వాత తెడ్డు, తర్వాత రవళి. కింది పెదవిని పళ్ళతో నొక్కిపట్టింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని దేన్నీ చూడటం లేదు. మెడ నరాలు తేలాయి. ఏడుపులా ఉంది, ఏడుపు కాదు. నొప్పిలా ఉంది, అదొక్కటే కాదు. ఈ ఒక్కదాని కోసం ఉన్నదంతా ఇచ్చేస్తున్నాను, తీసుకో అని ఎవరితోనో అంటున్నట్టుంది. ఎన్నాళ్ళ నుంచో చూడాలనుకున్న ముఖం అదే. నా మీదుగా చూసింది, నన్ను చూడలేదు. ఆ ముఖం నా నుంచి దూరం జరుగుతూ పోయింది.

గీత దాటిన ప్రతి పడవకూ ఒక హారన్ కొడతారు. హారన్ ఒకసారి మోగింది, ఇంకోసారి మోగింది. తర్వాత రెండు హారన్లు దాదాపు కలిసిపోయాయి.

ఆ పైన జరిగింది నేను చూడలేదు. చాన్నాళ్ళ తర్వాత షాహీన్ నోట విన్నాను. ఫొటో తీసి చూశారట. పక్క పడవ బంతికి, మా పడవ ముక్కుకు మధ్య తేడా నా అంత కూడా లేదట. విల్సన్ సార్ జ్యూరీ దగ్గరికి పోయి, బయలుదేరినప్పుడు బంతి ఉంది, దాన్ని కలిపి చూడండి అని బతిమాలాడు. గీత దగ్గర ముక్కు మీద ఏముందో అదే లెక్క అని, మాకు నాలుగో చోటు ఇచ్చారు. బంతి ఎలా పోయిందని అడిగితే, అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు శ్రీశైలం నోరు విప్పాడు.

‘‘నిమజ్జనం కట్టె ఏదన్న తాకినట్టుంది సార్.’’

ఆ చెరువులో ఎవరైనా నమ్మే మాటే అది. అందరూ తలలూపారు. కాని కొడుకు గెలుపు, కూతురు గెలుపు రెండూ చూసుకుందామని అదే గుంపులో వెనకగా నిలబడి ఉన్నాడు భిక్షపతి. ఆ చెరువులోంచి నిమజ్జనం కట్టెలు ఏరేది ఆయనే. కొడుకు ఆ మాట అన్నప్పుడు తండ్రి అక్కడున్నాడని వాడికి తెలియదు. తెలిశాక కూడా మాట వెనక్కి తీసుకోలేదు. అబద్ధానికి కాళ్ళుండవంటారు, నీళ్ళలో దానికి ఆ అవసరం కూడా లేదు, అదే తేలుతుంది.

నేను గాలివాటున ఒక మూలకు కొట్టుకుపోయాను. థర్మకోల్ ముక్కలు, వాడిన బంతిపూలు, ఎవరో మొక్కి విసిరిన కొబ్బరికాయలు, వాటి మధ్య నేను. అక్కణ్ణుంచి భిక్షపతిని రోజూ చూశాను. అంతకుముందు నిమజ్జనం రోజుల్లోనే దిగే మనిషి, ఇప్పుడు ప్రతి పొద్దునా మొలలోతు నీళ్ళలో దిగి, గడతో కెలికి, దొరికిన ప్రతి పుల్లా ఒడ్డున వేస్తున్నాడు. తోటివాళ్ళు నవ్వితే ఒకటే మాట.

‘‘ఏ కట్టెనో నేను ఏరకుండ ఇడిసిపెట్టిన. అదే నా బిడ్డ పడవకు తాకింది. ఆ బంతన్న దొరికితే, దెబ్బ ఏడ తాకిందో చూస్త.’’

ఎండాకాలం పోయింది. వానలు వచ్చి నన్ను కదిలించి బురదలోకి తోశాయి. మళ్ళీ వినాయకులు వచ్చారు. క్రేన్లు దింపాయి, జనం జై కొట్టారు, మర్నాటికి రంగులు కరిగి, అభయమిచ్చే చేతులు విడివిడిగా తేలాయి. అలాంటి చెయ్యి ఒకటి నా మీద బోర్లా పడింది. భిక్షపతి దాని లోపలి చువ్వ పట్టి లాగితే, బురదతో పాటు నేనూ బయటికి వచ్చాను. ఆయన నన్ను చూసి అక్కడే నీళ్ళలో నిలబడిపోయాడు. తువ్వాలుతో తుడిచి, రొంటిన దోపుకుని, ఇనుము అక్కడే వదిలేసి ఇంటికి నడిచాడు.

శ్రీశైలం ఆ వారం కొలువు నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. గోడకు వాడి పతకం వేలాడుతోంది. రవళి మిషన్ మీద కూర్చుని నిక్కరు అంచు కుడుతోంది. బాలమణి కింద కూర్చుని గుండీలు తడుముకుంటూ ఏరుతోంది. భిక్షపతి నన్ను తీసి కూతురు ముందు మిషన్ బల్ల మీద పెట్టాడు.

‘‘దొరికింది బిడ్డా. చూడు, దెబ్బ ఏడ తాకిందో. నా కండ్లకైతే కనవడ్తలేదు.’’

రవళి కుట్టు ఆపింది. నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఆమె వేలు మళ్ళీ తగిలింది, ఈసారి బొట్టు లేదు. నా ఒంటి మీద గాటు లేదు, సొట్ట లేదు. స్క్రూ రంధ్రం కొత్తదానిలా గుండ్రంగా ఉంది. కట్టె తగిలి స్క్రూ పీకినట్టయితే రంధ్రం చిరిగి ఉండాలి. తొడుగు చుట్టూ బురద పట్టిన చుట్ట ఏదో ఉంది. గోటితో గీకింది. బురద కింద నీలం తేలింది.

ఆమె తల ఎత్తి అన్నను చూసింది. వాడు గోడను చూస్తున్నాడు.

‘‘అన్నా, ఇది నీ టేపు.’’

వాడు లేచి గోడ మీది పతకాన్ని సరిచేశాడు.

‘‘స్క్రూ బిగించిన అన్నవ్.’’

‘‘నీళ్ళల్ల వడ్డది’’ అన్నాడు శ్రీశైలం. ‘‘ఆళ్ళు నన్ను ఎత్తేసిన్రు గద, అప్పుడు. డబ్బా తెచ్చేతందుకు టైము లేకుండె. చెప్తే నువ్వు భయపడుదువు. భయపడితే లాగకపోదువు.’’

‘‘భయపడితే ఇంకింత గట్టిగ లాగుతుంటి’’ అంది రవళి. ‘‘నా ముచ్చట ఇడిసిపెట్టు. పోయింది, పోయింది. నాయిన అప్పటిసంది నీళ్ళల్ల నిలవడి పుల్లలు ఏరుతుండు. వచ్చినప్పుడల్ల చూసినవ్ గద. ఆయినకన్న చెప్పద్దా?’’

భిక్షపతి గుమ్మం మీద కూర్చున్నాడు. ఇద్దరి మాటలూ ఒక్కొక్కటే అందుకుంటున్నట్టు తల ఊపాడు.

‘‘అంటే కట్టె తాకలే’’ అన్నాడు.

‘‘తాకలే నాయినా’’ అంది రవళి.

పెద్దాయన భుజాల మీంచి ఒక బరువు దిగింది. దిగీ దిగగానే దానికంటే పెద్దది ఎక్కింది. కట్టె మీదైతే కోపం పెట్టుకోవచ్చు, తన మీదైనా పెట్టుకోవచ్చు. కొడుకు మీద ఎక్కడ పెట్టుకుంటాడు? లేచి కడవలోని నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాడు. కడిగిన కాళ్ళే మళ్ళీ మళ్ళీ కడిగాడు.

రవళి టేపు కొస దొరకబుచ్చుకుని, తొందర లేకుండా చుట్టు వెంట చుట్టు విప్పింది. దాన్ని చిన్న ఉండగా చుట్టి, లేచి వెళ్ళి అన్న చేతిలో పెట్టింది.

‘‘నీది నువ్వు ఉంచుకో.’’

అంతకుమించి అరుపులు లేవు, శాపనార్థాలు లేవు. బాలమణి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. శ్రీశైలం ఆ ఉండను పారెయ్యలేకపోయాడు, అంగీ జేబులో వేసుకున్నాడు. మర్నాడు సెలవు ఉండగానే బయలుదేరాడు. పోయేటప్పుడు గోడ మీది పతకం తీసి మిషన్ మీద పెట్టబోతే, రవళి మళ్ళీ దాన్ని మేకుకే తగిలించింది.

నన్ను ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. అకాడమీ చోటు ఎవరికో ఎప్పుడో వెళ్ళిపోయింది. షాహీన్ ఒకసారి వచ్చి, క్లబ్బులో కొత్త జూనియర్ల పడవకు నన్ను ఇస్తావా అని అడిగింది. ఇప్పుడు అక్కడ ఎన్ని కావాలంటే అన్ని బంతులు ఉన్నాయని తనే చెప్పి, తనే నవ్వబోయి మానుకుంది. ఆమె వెళ్ళాక రవళి నన్ను మిషన్ మీద దారం రీలు పెట్టే పుల్లకు తొడిగింది. స్క్రూ రంధ్రంలోకి అది సరిగ్గా పట్టింది. తర్వాత నన్ను పట్టుకుని, నా ముందువైపు తనవైపుకు వచ్చేలా తిప్పింది.

అలా తిరిగింది నా చూపు. ఇప్పుడు నా ముందు గీతలు లేవు, బుడగలు లేవు, రవళి ముఖమే ఉంది. అర్జెంటు పని వచ్చినప్పుడు, స్కూళ్ళు తెరిచే ముందు రోజుల్లో, ఆమె వంగి గబగబా తొక్కుతుంది. అప్పుడు కింది పెదవిని పళ్ళతో నొక్కిపడుతుంది. మెడ నరాలు తేలుతాయి. కళ్ళు తెరిచే ఉంటాయి గాని దేన్నీ చూడవు. నీళ్ళ మీద నేను క్షణకాలం చూసిన ముఖం అదే. దాన్ని ఒక్కసారి చూడాలని ఎందుకు కోరుకున్నానో ఇప్పుడు నాకే అర్థం కాదు. పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా రోజూ చూస్తున్నాను. సూది కింద బట్ట ముందుకు పోతూనే ఉంటుంది, ఆమె కూర్చున్నచోటే ఉంటుంది.